అంచు వదిలిన ఫోటో

"ఎన్నన్నా ఇదు? బార్డరే ఇల్లయే!"

ఇదేంటన్నా, బార్డరే లేదని ప్రింటు నా మొహం ముందు ఊపుతూ ఒక అమ్మాయి తమిళంలో అరిచింది.

మదురై ఆరప్పాళయం బస్టాండు ఎదురుగా మా ఫోటో షాపు. లోపల మూడు మెషిన్లు. ఎవరి ఫోటోలు వాళ్లే ఫోన్‌లోంచి ఎక్కించుకుని, తెరమీద నొక్కి ప్రింటు తీసుకోవాలి. తెలియనివాళ్లకు చెప్పడానికి నేనున్నాను. పేరు ఇళంగో. కోప్పడేంత శ్రద్ధగా నన్ను అంతవరకు ఎవరూ చూడలేదు.

ఇప్పుడంతా బార్డర్ లేకుండానే తీస్తున్నారని చెప్పబోయాను. అంతలో వాళ్లమ్మ నుంచి ఆమెకు ఫోన్ వచ్చింది.

"మా, ఫోటో వొచ్చింది మా. అయితే తెల్లంచు లేదు. పసుపు యాడ పెడతావు, నా మొగం మిందనా?"

మా ఇంట్లో మాట్లాడే తెలుగు! షాపులో అది వినిపిస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

"మీరు మనోళ్లా? ఉండండి, చుట్టూ తెల్లంచు విడిచి మళ్లా తీసిస్తాను," అన్నాను.

ఆమె కోపం ఎటు పోయిందో తెలీదు. పేరు చారులత. ఇక్కడే నర్సింగు కాలేజీ హాస్టల్లో ఉంటుంది, శనివారాలు ఆండిపట్టిలోని ఇంటికి వెళ్తుంది. అది పెళ్లికొడుకు ఇంటికి పంపే ఫోటో. నాలుగు మూలలా పసుపు పెట్టే పంపాలని వాళ్లమ్మ పట్టు. ఒక ఇంటినుంచి తిరిగొచ్చిన ఫోటోను మరో ఇంటికి పంపకూడదట. కొత్తది తీయించాలి.

నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది.

"తిరిగొచ్చేసిందండి. జాతకం కుదరలేదంట."

"అయ్యో," అన్నాను. లోపల మాత్రం మీనాక్షమ్మకు వంద దండాలు పెట్టుకున్నాను.

మూడోసారి వానలో తడిసి వచ్చింది.

"పిల్ల పొట్టిగా ఉండాదన్నారంట. మీరే చెప్పండి, నేను పొట్టా?"

"ఈ మెషిన్ కంటే రెండంగుళాలు పొడుగే."

"పొగడతా ఉండారా, తిడతా ఉండారా?"

మెషిన్ వాడటం వచ్చినా ప్రతిసారీ నన్నే నొక్కమనేది. మొదటి రోజు "అన్నా" అన్న మనిషి ఆ తర్వాత ఒక్కసారీ ఆ మాట అనలేదు. దాన్ని పట్టుకునే నేను రోజులు గడిపాను. రంగు చెడిన ప్రింట్లు కత్తిరించి పారేయడం మా పద్ధతి. ఆమెవి కత్తిరించేటప్పుడు ఒక్కటి దాచుకోవాలని మనసు పీకేది. ఆమె ఇవ్వకుండా అది నాదెలా అవుతుంది?

నాలుగోసారి నవ్వకుండా వచ్చింది.

"ఇది కారమడై సంబంధానికి. జాతకం కుదిరిపోయింది. ఫోటో నచ్చితే ఆవణి నెలలోనే పెండ్లి. నొక్కండి."

నా వేలు కదల్లేదు.

"మీరే నొక్కుకోండి."

"ఏమి, కోపమా?"

"కోపం లేదండి. మూడు మాట్లు తీసిస్తిని. మూడు మాట్లూ తిరిగి రావాలని మొక్కుకొంటిని. పాపం గదా! ఇంక నా వల్ల కాదు."

ఆమె మెషిన్ వైపు తిరిగింది. తనే నొక్కి, ఫోటో తీసుకుని, వెనక్కి చూడకుండా ఆండిపట్టి బస్సెక్కింది.

ఆదివారం సాయంత్రం ఆ దారిన వచ్చిన బస్సులన్నీ చూశాను. ఆమె దిగలేదు. వారమంతా చూశాను. కారమడైలో ముహూర్తం పెట్టేసి ఉంటారని నాకు నేనే చెప్పుకుని, మళ్లీ వాకిట్లోకే వచ్చి నిలబడేవాణ్ని.

మరుసటి ఆదివారం సరాసరి షాపులోకి వచ్చింది. కవరులోంచి అదే ఫోటో తీసింది. నాలుగు మూలలా పసుపు.

"తిరిగొచ్చేసిందా?" అన్నాను.

"పోనే లేదు. అమ్మ పసుపు పెట్టి నా మొగం చూసింది. 'ఏమే, ఇష్టం లేదా?' అనింది. అంచు విడిచి తీసిచ్చేవారొకరు ఉండారు మా, అంటిని. మా నైనా రెండు దినాలు మాట్లాడలే. తరువాత మీ ఇల్లు యాడ, మీ అమ్మ ఎవరు అని విచారించినారు. నిన్న, 'సరి, వాళ్లమ్మకే ఇయ్యి' అనేసినారు."

ఆమె చూపు కత్తిరించిన ప్రింట్ల బుట్ట మీద పడింది.

"చెడిపోయినవి ఒక్కటైనా దాచిపెట్టుకోలేదా మీరు?"

"మీరు ఇయ్యకుండా ఎట్ల?"

"ఇస్తా ఉండాను గదా, పట్టండి. ఇది మాత్రం తిరిగి రాకూడదు."

"రాదు," అన్నాను.

రెండు చేతులా అందుకున్నాను. ఏ మూల పట్టుకున్నా పసుపే.

ఆ సాయంత్రం పాస్‌పోర్ట్ ఫోటోకు వచ్చిన పెద్దాయన, తెరంతా ఎవరు పాడుచేశారని తమిళంలో విసుక్కున్నాడు. చూస్తే మూడు మెషిన్ల మీదా నా వేలిముద్రలే, పచ్చగా.