నీళ్లకు పోయొచ్చే లోపు

ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి జర లోపలికి పోతే, కోర్టు కేసుల ఇరుక్కుని సగంల ఆగిపోయిన కాంప్లెక్సొకటి ఉంటది. దాని సెల్లార్ పేరెత్తితే చాలు, షేర్ ఆటోవాళ్లు గూడ ఆ సందుల బండి ఆపరు. లోపల ఎవరో ఊపిరి పీలుస్తరట... మనిషి మాత్రం కనవడడట. సగం ఎలుకలు, సగం తాగుబోతులు అనుకున్న నేను. కానీ కాలనీ పోరడు మధు చెప్పింది విన్నంక ఆ దిక్కు పోతే ఒట్టు.

ఆ కాంప్లెక్సుకు వాచ్‌మన్ సైదులు. నల్గొండ దిక్కు మనిషి, మిలిటరీల చేసి ఒచ్చినోడు. దెయ్యం అంటే నవ్వెటోడు. "బతికున్నోళ్లకు భయపడుర్రి రా," అనెటోడు.

మొన్న వానాకాలం, కరెంటు పోయిన రాత్రి. కాలనీల మోటర్ల వైర్లు కోస్తున్న దొంగ సెల్లార్‌ల దూరిండని లొల్లి. సైదులు టార్చి పట్టుకుని ర్యాంపు దిగిండు. మోకాళ్ల దాక వాన నీళ్లు. పిల్లర్ ఎనక ఏదో కదిలింది... పాత అలవాటు ఏడికి పోతది? నోట్లెకెల్లి మిలిటరీ కేకే ఒచ్చింది—

"హాత్ ఊపర్!"

రెండు చేతులు లేచినయ్. అంతే, టార్చి ఆరిపోయింది. దానికి గూడ అప్పుడే రోగమొచ్చింది.

ఎనకనే మధు, ఇంకో నలుగురు పోరగాండ్లు కర్రలు, బ్యాట్లు పట్టుకుని దిగిన్రు. మధు సైదులు చెవుల చిన్నగ అన్నడు— "అన్నా, నువ్వు పోయి చాయ్ తాగిరా. మేం చూసుకుంటం."

 ఇసొంటి మాట ఇంతకుముందు విన్నడు సైదులు.

అది మంచు కొండల మీద, యుద్ధంల. శత్రువుల పోరడొకడు తుపాకి కింద పడేసి ఆయన ముందర చేతులెత్తిండు. "నిన్నేం చెయ్యం" అని మాటిచ్చింది సైదులే. లొంగినోణ్ని ముట్టద్దు, ఫౌజుల అది ధర్మం. కానీ ముందురోజే వీళ్ల దోస్తు సచ్చిపోయిండు. పెద్ద సిపాయి అన్నడు— "పోయి నీళ్లు తెచ్చుకో." సీసా నిండుగనే ఉండె. ఆ సంగతి ఇద్దరికీ ఎర్కే. సైదులు పోయిండు... ఎనక తుపాకి పేలింది... ఆయన ఆగలే. వాగు దాక నడిచి, ఉన్న నీళ్లు పారబోసి, మళ్ల నింపుకొచ్చిండు.

ఇప్పటికీ పెండ్లాం ఆండాలు చెంబుతోటి నీళ్లిస్తే, ఆయన తాగకుంట పక్కన పెడ్తడు.

"నేను పోను," అన్నడు. పిల్లర్‌కు అడ్డం నిలవడ్డడు.

"ఏందన్నా! ఒక దొంగ నా కొడుకు కోసం మనం మనం కొట్లాడుడా?"

"చేతులెత్తిండు రా. ఇంక వాడు నా జిమ్మేదారి. ముట్టాలంటే ముందు నన్ను సంపుర్రి. పోలీసులొచ్చేదాక ఈడనే ఉంట."

వీపు ఎనక ఊపిరి... సల్లగ, వణుక్కుంట.

ఇంతల మధు ఫోన్ మోగింది. పక్క గల్లీ భిక్షపతి. దొంగ దొరికిండట— మెట్రో స్టేషన్ కింద, వైరు కట్టలతో సహా. పోలీసులకు అప్పజెప్పిన్రట గూడ.

మరి ఈడున్నదెవరు?

మధు ఫోన్ లైటు ఏసిండు. సైదులు భుజం మీదికెల్లి ఎనకకు పడ్డది ఎలుగు. అంతే— మిగిలిన పోరగాండ్లు కర్రలు ఆడనే పడేసి ర్యాంపు మీదికి ఒకటే ఉరుకుడు. మధు ఒక్కడే మిగిలిండు.

సైదులు తిరిగి చూడలే. చూసే మొకం లేదాయనకు.

"ఎట్లున్నడు రా?" గుసగుసగ అడిగిండు.

"పోరడే అన్నా... ఒంటి మీద మిలిటరీ బట్టలు... మీసం గూడ సరిగ మొలువలే... చేతులెత్తే ఉన్నడు."

సైదులు బోరున ఏడ్చిండు. అట్లనే, ఎనకకు తిరగకుంటనే అన్నడు— "నీచే కర్ బేటా... చేతులు దించుకో. నేనున్న కదా, నిన్నెవ్వరు ఏం చెయ్యరు."



"దించిండా రా?"

మధు లైటు అటే పట్టిండు.

"దించుతలేడన్నా... నీ దిక్కే చూస్తుండు."