ఎంగిలి ఆవిరి

పూర్వం చలికోన రాజ్యానికి ఒక ముని శాపం తగిలింది. పొయ్యి రాజుకోదు, దీపం వెలగదు. పొద్దు వాలితే చాలు, చీకట్లో తోడేళ్లు కోటలోకి జొరబడేవి. ఎండల గుట్ట మీది రాక్షసుడి దగ్గర వెలుగుందని, తెచ్చినవారికి అర్ధరాజ్యం ఇస్తానని రాజు చాటింపు వేయించాడు.

కంచరి కూతురు నాంచారికి రాజ్యం మీద ఆశ లేదు. ఆమె అక్క నెలలు నిండకుండా కన్న మగబిడ్డ చలికి నీలంగా మారుతున్నాడు. వాడికి కావలసింది వెచ్చదనం. వెలుగున్నచోట వేడీ ఉంటుందని బయలుదేరింది.

ముళ్ల అడవి దాటేసరికి కాళ్లు పుండ్లయ్యాయి. దారికడ్డంగా పడుకున్న కొండచిలువను బతిమాలే ఓపిక లేక, దాని మీదుగానే నడిచిపోయింది. అదీ అలిసిపోయి ఉందేమో, "మెల్లగా నడువమ్మా" అని ఊరుకుంది.

గుట్ట మీద రాక్షసుడు పెద్ద పెద్ద కంచు అద్దాలను పొద్దుతోపాటు తిప్పుతూ ఆయాసపడుతున్నాడు. ఆ అద్దాల ఎండకు రాగి గంగాళంలో నీళ్లు మరిగి, ఆవిరి ఒక చక్రాన్ని తిప్పుతోంది. చక్రంలో పుట్టిన మెరుపు తీగల వెంట పాకి దీపాలను వెలిగిస్తోంది.

"నన్ను మింగుతావా తాతా?" అంది నాంచారి.

"నమిలే ఓపిక లేదు. పొద్దుగూకేదాకా ఈ అద్దాలు తిప్పు, నేను నడుం వాలుస్తా. లేచాక వరమిస్తా."

ఆమె అరచేతులు బొబ్బలెక్కేదాకా తిప్పింది. రాక్షసుడు ఆవులిస్తూ లేచాడు.

"వెలుగు కావాలా, వేడి కావాలా? గంగాళం ఒక్కటే. ఆవిరి చక్రానికన్నా పోవాలి, మీ ఇళ్లకన్నా రావాలి."

నాంచారికి ఏడుపొచ్చింది. వెలుగడిగితే బిడ్డ దక్కడు, వేడడిగితే తోడేళ్లు ఊరిని మిగల్చవు. చక్రం వెనక కూలబడింది. అక్కడ చక్రాన్ని తిప్పిన ఆవిరి లోయలోకి పోతోంది. చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా తగిలింది.

"దీన్నెందుకు పారబోస్తున్నావు తాతా?"

"చక్రం ఎంగిలి చేసింది గదే. మా వంశంలో ఎంగిలి ఎవరికీ పెట్టం."

"తల్లి నమిలి పెట్టిన ముద్ద బిడ్డకు ఎంగిలా?"

"మా అమ్మా నాకట్లాగే పెట్టేది" అన్నాడు రాక్షసుడు. ఇన్నేళ్లూ లోయపాలు చేసింది తలుచుకుని కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత అద్దాలూ గంగాళమూ చక్రమూ భుజానికెత్తుకుని ఆమె వెంట నడిచాడు.

చలికోనలో కోటగోడల మీద నిప్పు అక్కర్లేని మెరుపు దీపాలు వెలిగాయి, తోడేళ్లు వెనుదిరిగాయి. ఎంగిలి ఆవిరి మట్టి గొట్టాల్లోంచి ఇళ్ల అరుగుల కింద పారింది. పగటి ఎండను గంగాళం రాత్రంతా దాచుకునేది. ఇక ఆ శాపం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. పసివాడు కాళ్లాడించి గట్టిగా ఏడ్చాడు.

అర్ధరాజ్యం అప్పగిద్దామని రాజు స్వయంగా వచ్చేసరికి, నాంచారి వెచ్చటి అరుగు మీద ఒళ్లెరగక నిద్రపోతోంది. ఆమెను లేపబోతే అక్క అడ్డుపడింది.

"రాజ్యం ఎక్కడికీ పోదు దొరా. దాన్ని పడుకోనివ్వండి."

రాజు చెప్పులు విడిచి, అరుగు చివర కూర్చుని, ఆమె లేచేదాకా ఎదురుచూశాడు.