తూనీగ ముందు చక్రం

"కదలకండి."

"కదల్లేదండీ."

"కదిలారు. నవ్వారు. మీరు నవ్వితే భుజం కూడా నవ్వుతోంది. మళ్ళీ తీయాలి."

ఎక్స్‌రే గదిలో అద్దం వెనక నిలబడి టెక్నీషియన్ అమ్మాయి విసుక్కుంది. బల్ల మీద కూర్చున్నతను వెల్డర్. వారమంతా గేట్లూ గ్రిల్సూ అతికిస్తాడు. ఆదివారం పొద్దున మాత్రం మూతపడిన లారీ షెడ్డు ఆవరణలో కుర్రాళ్ళకి బైక్ స్టంట్లు నేర్పుతాడు. అక్కడ అందరూ అతన్ని మాస్టారు అంటారు. ఈసారి మాస్టారే కిందపడ్డాడు.

"ఎలా పడ్డారు?"

"వీలీ చేస్తూ. వీలీ అంటే ముందు చక్రం గాల్లోకి లేపి..."

"తెలుసు. నాకూ నేర్పుతారా?"

అతను మళ్ళీ నవ్వబోయి, భుజం గుర్తొచ్చి ఆగాడు. "మీ దగ్గర ఏ బండుంది?"

ఆమె కిటికీలోంచి చూపించింది. పార్కింగులో రెండు స్కూటర్ల మధ్య ఎర్రటి చిన్న స్పోర్ట్స్ బైక్. కొత్తగా నేర్చుకునేవాళ్ళు కొనుక్కునే రకం.

"అదా! తూనీగలా ఉంది. అది గాల్లోకి లేవాలంటే మీరు దిగి ఎత్తాలి."

ఆమె ఫిల్మ్ కవరు తెచ్చి అతని చేతికి ఇచ్చింది. సరిగ్గా దెబ్బ తగిలిన చేతికే.

"అబ్బా!"

"సారీ. ఆదివారం ఎన్నింటికి రమ్మంటారు?"

ఆదివారం సన్నగా జల్లు పడుతోంది. అమ్మాయి రాదులే అని మాస్టారు నిబ్బరంగా టీ తాగుతుంటే, షెడ్డు గేట్లోంచి జుయ్‌మంటూ తూనీగ వచ్చింది. కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఆ పేరు ఆ రోజే బండికీ, బండి మీదున్న మనిషికీ కలిపి అతుక్కుపోయింది.

"వానలో నేర్పను," అన్నాడతను.

"వాన ఆగేదాకా ఉంటాను."

వాన మధ్యాహ్నందాకా ఆగలేదు. ఆమె కూడా కదల్లేదు. చివరికి అతనే ఓడిపోయి, ఇంజన్ చుట్టూ ఇనుప చట్రం వెల్డ్ చేసిపెట్టాడు, పడినా బండికి దెబ్బ తగలకుండా.

మరుసటి ఆదివారం మొదటి పాఠం. "చక్రం లేపడం తర్వాత. ముందు దించడం నేర్చుకోండి. బండి మరీ వెనక్కి వాలిందంటే వెనక బ్రేకు మెల్లగా తొక్కాలి. ముక్కు అదే కిందికొస్తుంది. ఆ కాలు ఎప్పుడూ బ్రేకు మీదే ఉండాలి."

"కళ్ళు?"

"రోడ్డు మీద. నా మీద కాదు."

"మిమ్మల్నెవరు చూశారు? హెల్మెట్‌కి అద్దం ఉంది కాబట్టి బతికిపోయారు, లేదంటే నా చూపుకే పడిపోయేవారు."

అతను చెప్పిన పాఠమే మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.

పెద్ద బండైతే యాక్సిలరేటర్ తిప్పితే చాలు, లేస్తుంది. దీనికి ఆ బలం లేదు. క్లచ్ నొక్కి, ఇంజన్ని అరిపించి, సరిగ్గా సమయం చూసి వదలాలి. వేలు కాస్త తొందరపడితే బండి ఎగిరిపడుతుంది, ఆలస్యమైతే ఆగిపోతుంది. ఆమె తొందరపడింది, ఆలస్యం చేసింది, తిట్టుకుంది, మళ్ళీ చేసింది. ఒకరోజు ముందు టైరు బెత్తెడు లేచింది.

"చూశారా? లేచింది!"

"చూశా. కింద నుంచి ఒక చీమ దూరి వెళ్ళింది."

"చీమకి చెప్పండి, వచ్చేవారం పిల్లి వస్తుందని."

పిల్లికంటే ముందు ఇంటికి వార్త చేరింది. ఆమె తండ్రి సిటీ బస్సు డ్రైవరు. సర్వీసు మొత్తంలో బస్సుకి గీత పడనివ్వని మనిషి. కూతురి మోచేతి మీద చెక్కుకుపోయిన చర్మం చూశాడు. ఆరా తీశాడు. బండి తాళం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"మనింట్లో ఏ బండికైనా చక్రాలన్నీ నేల మీదే ఉండాలమ్మాయ్."

ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. ఆదివారం తండ్రి నడిపే బస్సే ఎక్కి, టిక్కెట్టు కొని, ముందు సీట్లో కూర్చుంది.

"షెడ్డు దగ్గర ఆపండి నాన్నా."

"అక్కడ స్టాపు లేదు."

"అయితే తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడుస్తా."

నడిచింది. మాస్టారి పాత బండి మీద క్లచ్ సాధన చేసింది. ఆ పై ఆదివారమూ అంతే. మూడో వారం పొద్దున్నే ఆమె టీ కప్పు పక్కన తాళం ప్రత్యక్షమైంది.

"బస్సులో అద్దం నిండా నీ మొహమే. అలా చూస్తూ నడిపితే నేనే దేన్నో గుద్దేట్టున్నా," అని గొణిగి తండ్రి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఇక తూనీగకి రెక్కలొచ్చాయి. షెడ్డు ఈ గోడ నుంచి మధ్య స్తంభందాకా ఒంటి చక్రం మీద వెళ్ళగలిగింది. ఆ ఉత్సాహంలోనే ఒకరోజు క్లచ్ ఎక్కువ వదిలింది. బండి నిట్టనిలువునా లేచింది. కాలు బ్రేకుని అందుకోలేదు.

ఆమె పడ్డ చప్పుడుకంటే మాస్టారు పరిగెత్తిన చప్పుడే పెద్దది. మణికట్టు బెణికింది, అంతే. కానీ ఆమె హెల్మెట్ పట్టీ విప్పబోయి అతను దాన్ని ఇంకా బిగించేశాడు. ఆమె ఆ చేతులు చూసింది, అతని మొహం చూసింది. పట్టీ తనే విప్పుకుంది.

మణికట్టు నయమైంది. మాస్టారికి మాత్రం కొత్త జబ్బు పట్టుకుంది. ఒక వారం టైరు అరిగిందన్నాడు. ఒక వారం గాలి ఎక్కువగా ఉందన్నాడు. ఆమె అవేమీ వినకుండా షెడ్డు చివరిదాకా వీలీ చేసి చూపిస్తే చప్పట్లు కొట్టి పక్కకెళ్ళిపోయాడు. ఊళ్ళో వాహనాల ఎగ్జిబిషన్‌కి అతని బృందం షో ఇవ్వాలి. ముందురోజు కుర్రాళ్ళ నోట తెలిసింది, జాబితాలో ఆమె పేరు కొట్టేశారని, ఆమె పని జెండా ఊపడమేనని.

ఆమె నేరుగా వెల్డింగ్ షాపుకి వెళ్ళింది.

"నా పేరు తీసేశారట?"

"నీకింకా టైం పడుతుంది."

"షెడ్డు చివరిదాకా వెళ్ళాను. మీరే చప్పట్లు కొట్టారు."

"కొట్టాను. ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయాను." అతను కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వు పడ్డప్పటి నుంచీ ఇంతే. నువ్వంటే నాకు... నీకేమన్నా అయితే నేను..."

ఎన్నో ఆదివారాలుగా ఆమె ఎదురుచూస్తున్న మాట అది. సరిగ్గా ఇప్పుడా చెప్పేది! కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటి వెనకే కోపం తన్నుకొచ్చింది.

"మా నాన్నకి ప్రేమ, తాళం జేబులో వేసుకున్నారు. మీకు ప్రేమ, పేరు కొట్టేశారు. నన్ను ప్రేమించేవాళ్ళందరికీ నన్ను ఆపడం తప్ప ఇంకో పని తోచదా? విరిగిన ఎముకలు రోజూ చూసేది నేను. భయం సంగతి నాకు మీరు చెప్పాలా?"

"నా మాట విను..."

"రేపు వస్తున్నా. జెండా మీరే ఊపుకోండి."

మర్నాడు సాయంత్రం మైదానం నిండా జనం. తాడు కట్టిన చోట వాలంటీరు ఆమెని ఆపాడు. "జాబితాలో మీ పేరు లేదు మేడమ్." ఆమె ఇంజన్ ఆపలేదు, వెనక్కి తిప్పలేదు. అవతల నుంచి మాస్టారు నడుచుకుంటూ వచ్చాడు. రాత్రంతా నిద్రపోని మొహం. ఆమెని ఒక్క క్షణం చూశాడు. తర్వాత తాడు తనే పైకెత్తి పట్టుకున్నాడు.

"రానివ్వండి. మా బృందంలో మనిషి."

తూనీగ లోపలికొచ్చింది. మొదటిసారి చక్రం మరీ పైకి లేచింది. జనం హాహాకారం చేశారు. ఈసారి కాలు బ్రేకుని అందుకుంది. ముక్కు ధబ్‌మని నేలకి దిగింది.

"చాల్లేమ్మా, ఇంటికెళ్ళు!" ఎవరో అరిచారు.

ఆమె బండి తిప్పుకుని మళ్ళీ మొదటికొచ్చింది. క్లచ్ వదిలింది. ముందు చక్రం లేచింది, నిలిచింది, గాల్లో ఖాళీగా తిరుగుతూనే ఉంది. అరిచినవాడి ముందు నుంచి, చప్పట్ల మధ్య నుంచి, ఒంటి చక్రం మీద మైదానం ఆ చివరకి చేరి, పువ్వు పెట్టినట్టు కిందికి దిగింది.

మాస్టారు ఆయాసపడుతూ అక్కడికి వచ్చాడు.

"భయమేసిందా?" ఆమె అడిగింది.

"ప్రాణం పోయింది. అయినా... నువ్వంటే నాకిష్టం. నిన్న సగమే చెప్పా."

"భయపడుతూనే ప్రేమించుకో, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆపకుండా ప్రేమించగలవా?"

"ఆపకుండా అంటే? నిన్నా, ప్రేమనా?"

"రెండూ."

"ఆపను," అన్నాడతను. "రెండూ."

"మాట్లాడుకోవడం అయిందా?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. వెనక ఖాకీ చొక్కాలో ఆమె తండ్రి! ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"నాన్నా, మీరు..."

"ఏడుపు కాదు, దుమ్ము." ఆయన తూనీగ చుట్టూ తిరిగి చూసి, అరచేయంత ఉన్న వెనక సీటు మీద ఎలాగో కూర్చుని కూతురి భుజాలు గట్టిగా పట్టుకున్నాడు. "పద, ఇంటికి. చక్రం లేపావంటే మాత్రం దూకేస్తా."

"మరి నేను?" అన్నాడు మాస్టారు అయోమయంగా.

ఆయన తిరిగి చూడకుండానే అన్నాడు. "నీకు వేరే చెప్పాలా? వెనకే రా. భోజనం చల్లారిపోతుంది."