గడీ ముందు చెప్పులు

బూర్గంపాడు నుంచి తండాకు పోయే అడవి దారిలో ఒకప్పుడు దొర ఉన్న కోటలాంటి పాత గడీ ఉంది. పొద్దుగూకాక అటు నడవాలంటే మీసాలు మెలేసే మొనగాడికైనా చలిజ్వరమే. దొర చచ్చి నలభై ఏళ్ళు... రెండేళ్ళ కిందట ఆయన గొంతు మాత్రం లేచి కూర్చుందట. చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు — "ఎవడ్రా అది!"

అందుకని తండావాళ్ళు అక్కడికి రాగానే చెప్పులు విప్పి చేతబట్టుకుంటారు. వెట్టి రోజుల్లో తాతలు చేసిన పనే. వెట్టి పోయింది, దొరతనం పోయింది, తండాకు ఉద్యోగాలొచ్చాయి. ఆ నలభై అడుగుల దారిలో మాత్రం ఇంకా దొరదే రాజ్యం.

మొన్న పదో తరగతి సోని అలా వట్టికాళ్ళతో నడిచి ముల్లు దిగి, కాలు వాచి మంచాన పడింది. సోషల్ సారు కోటేష్‌కు ఒళ్ళు మండింది. ఆయనదీ ఆ తండాయే. ఆ రోజు పాఠం కరీబియన్ దీవులది.

"ఓడలల్ల మనుషుల్ని తెచ్చి అమ్ముడు బందైంది. చెరకు తోటల దొరలు లబోదిబోమన్నరు. ఆఖరికి బానిసతనమే పోయింది. భయం మాత్రం ఒక్క దినంల పోదు బిడ్డా! ఇయ్యాల నేను చెప్పులేసుకొనే గడీ దాటుత. రేపటి సంది మీరూ గట్లనే దాటాలె."

నరం లేని నాలుక... ఎన్నైనా అంటుంది.

చీకటి పడ్డాక ఆటో ఆయన్ని రోడ్డు మీద దింపి పోయింది. కొత్త చెప్పులు టపటపమంటున్నాయి. గడీ దగ్గరపడింది. "చదువుకున్నోణ్ణి... సారును..." అని జపంలా గొణుక్కుంటూ నడిచాడు. చుట్టూ చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. గేటు దగ్గర కాలికింద ఎండుటాకు పటుక్కుమంది —

"ఎవడ్రా అది!"

పరుగు లంకించుకోబోయాడు. సోని వాచిన కాలు గుర్తొచ్చి ఆగాడు.

"నే... నేను. కోటేష్ సారును."

టార్చి వెలిగింది. తండా ముసలి వీరన్న!

"మీరా సారూ!" గుసగుసగా నవ్వుతూ అన్నాడు. "దొర మనవడు నన్ను కాపలా పెట్టిండు, ఎవ్వరికీ చెప్పొద్దన్నడు. టేకు తలుపులకు దొంగలొస్తున్రు. నా గొంతుకు ఎవడు బెదురుతడు? గందుకే దొర లెక్క కేకేస్త. మా నాయిన గీడనే వెట్టి చేసిండు గద... గా కేక ఇంట్లనే నేర్సుకున్న."

కోటేష్‌కు ప్రాణం లేచొచ్చింది. "రేపు పిల్లలకు చెప్త తాతా! దయ్యం లేదు గియ్యం లేదు, చెప్పులేసుకొనే దాటిన అని."

వీరన్న నవ్వు ఆగిపోయింది. టార్చి మెల్లగా కిందికి దించాడు.

"మరి... నీ చేతుల గవేంది సారూ?"