నాలుగు నీలకంఠాలు

ఫోన్‌లోంచి పైడమ్మ గొంతు మూడోసారి వినిపించింది.

"మాలతీ, నాను బాగానే ఉన్నాను. నీలకంఠ్ కాడ ఉన్నాను. నాకోసం ఎతకొద్దు. రెండ్రోజుల్లో వస్తాను."

అంతే. ఈ వాయిస్ మెసేజ్ తర్వాత పైడమ్మ ఫోన్ స్విచ్ఛాఫ్. టవర్ లొకేషన్ టాటీబంధ్.

సబ్ ఇన్‌స్పెక్టర్ రాజశ్రీ ఎదురుగా కూర్చున్న మాలతి వైపు చూసింది. పైడమ్మకి మాలతి ఒక్కతే కూతురు. రాత్రంతా ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"మీ అమ్మగారి గొంతేనా?"

"అమ్మదే మేడం. వందమందిలో ఉన్నా గుర్తుపడతాను."

నిన్న మధ్యాహ్నం రైల్వే కాలనీలోని ఇంట్లోంచి పైడమ్మ మాయమైంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. రోజుకి రెండుసార్లు ఇన్సులిన్ పడాలి. ఆ ఇంజెక్షన్లు ఇంట్లో ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. రేపటిదాకా మందు పడకపోతే ప్రాణానికే ముప్పని డాక్టర్ నిర్మొహమాటంగా చెప్పేశాడు. బాగానే ఉన్నానంటున్న మనిషి, ప్రాణం నిలిపే మందు వదిలేసి ఎందుకు వెళ్ళింది? రాజశ్రీని తొలుస్తున్న ప్రశ్న అదే.

సరే, నీలకంఠ్ దగ్గర వెతుకుదామంటే రాయ్‌పూర్‌లో నీలకంఠ్ ఒక్కటా?

ముందు నీలకంఠ్ చౌక్‌కి వెళ్ళారు. ఒకప్పుడు అక్కడ ఆ పేరుతో సినిమా హాలుండేది. హాలు పడగొట్టి షాపింగ్ కాంప్లెక్స్ కట్టారు. పేరు మాత్రం చౌరస్తాకి అంటుకుని ఊడి రానంది. అక్కణ్ణుంచి టాటీబంధ్‌లో నీలకంఠ్ ఢాబా. యజమాని ఏదో కొండగుడికి మొక్కుకుని పెట్టిన పేరట. మందిర్ హసౌద్‌లో ఎర్రకోట్ల నీలకంఠ్ బ్యాండ్ పార్టీ. దసరానాడు పాలపిట్ట కనబడితే శుభమని, దాని హిందీ పేరు పెట్టుకుని, డోలు మీద ఆ పిట్ట బొమ్మే వేయించుకున్నారు. చివరికి ఊరంతా పోస్టర్లు వేసిన కొత్త ఛత్తీస్‌గఢీ సినిమా 'నీలకంఠ్' ఆడుతున్న హాలు. ఆ సినిమాలో హీరో కుటుంబం కోసం విషం మింగుతాడట, అందుకా పేరు.

ఈ పేరు పెట్టుకున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరెరగరు. ఎవరి కారణం వారిది. గరళం మింగిన శివుడు ఒక్కడే గానీ, ఆయన పేరు వాడుకునేవాళ్ళకి లెక్కేముంది?

నాలుగుచోట్లా పైడమ్మ జాడ లేదు. కానీ ఢాబాలో మరొకటి దొరికింది. నిన్న సాయంత్రం సూరిబాబు ఆటో అక్కడ ఆగిందని కౌంటర్ మనిషి చెప్పాడు.

సూరిబాబు పైడమ్మకి మరిది. ఆమె భర్త రైల్వే గార్డుగా చేసి, పోయి ఎనిమిదేళ్ళయింది. ఆయన కొన్న మందిర్ హసౌద్ స్థలంలో తనకీ వాటా ఉందని సూరిబాబు కిందటి నెలే వదినతో పెద్ద గొడవ పెట్టుకున్నాడు. కాలనీ మొత్తం విన్నది. స్టేషన్ ఇన్‌చార్జ్‌కి ఇంకేం కావాలి? మనిషిని తీసుకొచ్చి లాకప్‌లో వేశారు.

రోజూ అక్కడే అన్నం తింటానని సూరిబాబు నెత్తీనోరూ బాదుకున్నాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. రాజశ్రీకి మాత్రం అనుమానం వదల్లేదు. పైడమ్మని దాచిన చోటుని ఆమె చేతే ఎవరైనా చెప్పిస్తారా?

ఈ గాలింపంతటిలోనూ పోలీసుల వెంట బైక్ మీద తిరిగినవాడు రాజేష్, మాలతి భర్త. టాటీబంధ్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో సూపర్‌వైజర్. పెళ్ళయి రెండేళ్ళే. కానిస్టేబుళ్ళకి టీలు తెప్పించాడు. బ్యాండ్ వాళ్ళ షెడ్డులోకి అందరికంటే ముందు తనే దూరి చూశాడు. అల్లుడంటే ఇలా ఉండాలని కాలనీ ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

మర్నాడు పొద్దున్న రాజశ్రీ మాలతి ఫోన్ తీసుకుని కూర్చుంది. ఫ్యామిలీ గ్రూప్‌లో నలుగురే. పైడమ్మ, మాలతి, రాజేష్, సూరిబాబు. పైడమ్మకి టైపింగ్ రాదు. అన్నీ వాయిస్ మెసేజ్‌లే. రెండేళ్ళ మాటలు. కూరగాయల ధరలు, కీళ్ళ నొప్పులు, మరిది మీద ఫిర్యాదులు, మధ్యలో భజనలు.

గంట విన్నాక రాజశ్రీ చెయ్యి ఆగింది. వెనక్కి జరిపి మళ్ళీ విన్నది.

"గడియారం చౌకులో ఆటో దిగినాను." నీలకంఠ్ చౌక్‌లో గడియారం ఉన్న మాట నిజమే. కానీ ఊళ్ళో ఎవరూ దాన్ని అలా పిలవరు. ఇంకోచోట, "పక్కింటోళ్ళ పెళ్ళికి ఆ ఎర్రకోట్ల బ్యాండు పెట్టినారు." మరోచోట, "పరోటాల ఢాబా కాడ మీ చిన్నాన్న కనబడ్డాడు."

ఒక్కసారి కూడా నీలకంఠ్ అన్న పేరు లేదు. ఊరంతా నోటికొచ్చినట్టు పలికే పేరుని ఈవిడ ఎందుకు చుట్టుతిరిగి వెళుతోంది?

చనిపోయిన గార్డుగారి పేరేమిటో రాజశ్రీకి అప్పటిదాకా పట్టింపు లేదు. కాలనీలో అందరికీ ఆయన గార్డుగారే. గోడ మీద దండ వేసిన ఫొటో దగ్గరికి వెళ్ళి కింద చదివింది. నీలకంఠం.

ఆమెకి తన నాయనమ్మ గుర్తొచ్చింది. తాతగారి పేరు వెంకటేశ్వర్లు. నాయనమ్మకి బతికినంతకాలం తిరుపతి దేవుడు 'కొండమీది సామి'. దేవుడి పేరైనా సరే, మొగుడి పేరైతే నోట రాకూడదు. తాతగారు పోయాక కూడా రానివ్వలేదు.

నిన్నటి ఆ మెసేజ్ పైడమ్మది కాదు. అయితే గొంతు? రాజశ్రీ వెంటనే సైబర్ సెల్‌కి ఫోన్ చేసింది. అరగంట రికార్డింగ్ ఉంటే చాలు, టైప్ చేసిన ఏ మాటనైనా అదే గొంతుతో పలికించవచ్చని అక్కడివాళ్ళు తేల్చి చెప్పారు. అంటే పైడమ్మ నోరు విప్పి నలభై గంటలు దాటి ఉండొచ్చు. అసలు విప్పగలిగే స్థితిలో ఉందా?

పదకొండింటికి పైడమ్మ ఇంటి ముందుగదిలో ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. సూరిబాబు చేతికి బేడీలు. గుమ్మం దగ్గర హెడ్ కానిస్టేబుల్ సాహూ నిలబడ్డాడు.

"ఒక్క ప్రశ్న. టాటీబంధ్‌లో నీలకంఠ్ ఢాబా ఉంది కదా. పైడమ్మగారు దాన్ని ఏమంటారు? రాజేష్, మీరు చెప్పండి."

రాజేష్ భుజాలు ఎగరేశాడు. "నీలకంఠ్ ఢాబా అనే అంటారు మేడం. ఇంకేమంటారు?"

"సూరిబాబూ?"

"పరోటాల ఢాబా అంటాదమ్మా. మా అన్నయ్య పేరు మా వొదిన ఎత్తదు. పెళ్ళినాడు గుమ్మంలో నిలబెట్టి సెప్పమన్నాం. పొద్దుపోయేదాకా నిలబడింది గానీ సెప్పనేదు. నలభై ఏళ్ళుగా ఆటపట్టిస్తానే ఉన్నాను, ఒక్కసారీ దొరకనేదు."

రాజశ్రీ ఫోన్ నొక్కింది. నీలకంఠ్ కాడ ఉన్నాను అంది పైడమ్మ గొంతు. సూరిబాబు ఆ మెసేజ్ వినడం అదే మొదలు. తల అడ్డంగా ఊపాడు.

మాలతి మెల్లగా లేచి నిలబడింది. "అమ్మ ఆ పేరు అనదు. నిన్న గొంతు వినగానే ప్రాణం లేచొచ్చింది మేడం. మాట వినలేదు."

"ఇది యంత్రం పలికిన మాట," అంది రాజశ్రీ. "నేర్పడానికి ఆవిడ పాత మెసేజ్‌లు కావాలి. అవి ఉన్నది మీ ముగ్గురి దగ్గరే. మాలతిగారికి ఈ ఆచారం తెలుసు. సూరిబాబు దాని మీద నలభై ఏళ్ళు వేళాకోళం ఆడాడు, చచ్చినా ఆ మాట రాయడు. మిగిలింది ఎవరు?"

రాజేష్ నవ్వబోయాడు. కుదరలేదు.

"అత్తగారు అల్లుడి ఎదుట నోరు విప్పరు. మీరొస్తే ఆవిడ తలుపు చాటుకి వెళ్ళిపోయేవారు. అందుకే ఆవిడ ఏ మాట వాడతారో, ఏది వాడరో మీకు తెలీదు. గ్రూపులోని ఆవిడ గొంతుని యంత్రానికి పోశారు గానీ మీరు చెవిపెట్టి విన్నది లేదు. ఊళ్ళో నాలుగు నీలకంఠాలున్నాయి, పోలీసులు తిరిగి చస్తారనుకున్నారు. ఢాబా దగ్గర సూరిబాబు ఎలాగూ దొరుకుతాడు. వెయ్యి పేర్లుండగా ఆవిడ నోటికి రాని ఆ ఒక్క పేరే ఎంచుకున్నారు."

"ఇదంతా ఊహ మేడం. సాక్ష్యం కాదు."

సాక్ష్యం తర్వాత దొరుకుతుందని రాజశ్రీకీ తెలుసు. ఇన్సులిన్ గడువు మాత్రం ఆగదు. ఆమె ఏదో అనబోయేలోపు మాలతి భర్త ముందుకెళ్ళి నిలబడింది. అరవలేదు, ఏడవలేదు.

"మా అమ్మ ఎక్కడుంది?"

అతను చూపు తిప్పుకున్నాడు.

"నిన్న రాత్రి నేను అన్నం ముట్టకపోతే నువ్వు కలిపి పెట్టావు. ఏం కాదు, వచ్చేస్తారన్నావు. అప్పుడు నీకు తెలుసు. ఎక్కడుంది?"

"ధర్సీవాలో," అన్నాడు రాజేష్ చివరికి. "మా కంపెనీ పాత గోడౌన్."

జీపులో దారంతా అతనే చెప్పుకొచ్చాడు. మందిర్ హసౌద్ స్థలం కొనే పార్టీ దొరికింది. డాక్టర్ దగ్గరికని అత్తగారిని బయల్దేరదీసి కాగితం మీద వేలిముద్ర అడిగాడు. ఆమె పిడికిలి విప్పలేదు. భయపడి ఆమెని గోడౌన్‌లో ఉంచి తాళం వేశాడు. చంపాలని లేదట. మాలతి కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

గోడౌన్‌లో గోనెసంచుల మీద పైడమ్మ వాలిపోయి ఉంది. పెదవులు ఎండిపోయాయి, కళ్ళు తెరుచుకున్నాయి. ఇంటి నుంచి తెచ్చిన ఇంజెక్షన్ మాలతే ఇచ్చింది. తల ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు తాగించింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

కొంచెం తేరుకున్నాక పైడమ్మ గుమ్మం వైపు చూసింది. సాహూ పక్కన అల్లుడు నిలబడి ఉన్నాడు. ఆమె కొంగు సర్దుకోలేదు. రెండేళ్ళలో మొదటిసారి అతని ముఖంలోకి సూటిగా చూసి మాట్లాడింది.

"నువ్వెవుడివో నా పిల్లకి తెలిసిపోనాది. నాకదే సాలు."

రాజశ్రీ రాజేష్ మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది.