ముందు నడుము, తర్వాత చేతులు

"అద్దం నీ ఒక్కడి సొత్తా?" అంది అక్క, దువ్వెన పట్టుకుని.

"ఒక్క నిమిషం!" అంటూ తమ్ముడు అద్దంలో చూసుకుంటూ నేల తుడిచే కర్రను బ్యాటులా మళ్ళీ గిర్రున తిప్పాడు. అది ఆరేసిన దుప్పటికి తగులుకుని, దుప్పటి అక్క నెత్తిన పడింది.

"ఆ కర్ర ఇచ్చి పో! లేదంటే ఇల్లంతా నువ్వే తుడువు," వంటింట్లోంచి అమ్మ కేక.

అతను పగలు లిఫ్టులు బాగుచేస్తాడు. సాయంత్రాలు బేస్‌బాల్ ఆడతాడు. ఆడతాడనే కంటే బంతిని చూసి కంగారుపడతాడనడం సబబు. జట్టులో అతని పేరు తొందరబాబు.

ఆ సాయంత్రం మైదానంలో సన్నగా తుంపర పడుతోంది. రెండు నెలల కిందట చేరిన కోచ్ చేతులు కట్టుకుని చూస్తోంది. అతని బ్యాటు గాలిని కొట్టింది. మళ్ళీ గాలినే కొట్టింది.

"చేతులు ముందొచ్చేస్తున్నాయి," అందామె.

"బంతే ముందొచ్చేస్తోందండీ, నేనేం చెయ్యను?"

ఆమె నవ్వు ఆపుకుంది. "ముందు కాలు ఆన్చండి. నడుము తిప్పండి. భుజాలు ఒక్క క్షణం వెనకే ఉండాలి. చేతులు ఆఖర్న రావాలి."

ఈసారి మనిషంతా తలుపులా ఒక్కసారే తిరిగాడు.

ఆమె తన తువ్వాలు తడిపి తెచ్చి ఒక కొస అతనికిచ్చింది. "ఇద్దరం ఒకేవైపు తిప్పితే నీళ్ళు కారతాయా? ఒక కొస తిరగాలి, రెండోది ఆగాలి. ఆ మెలికలోనే ఉంది బలమంతా."

నీళ్ళు ఇద్దరి బూట్ల మీదా కారాయి. ఆమె కనురెప్పల మీద తుంపర మెరుస్తోంది. మెలిక పడ్డది తువ్వాలు ఒక్కటే కాదని అతనికి తెలిసిపోయింది.

"వచ్చే నెల వేరే ఊరి జట్టుకు వెళ్ళిపోతున్నాను," అంది ఆమె. "ఈలోగా మీరు బ్యాటు తిప్పే తీరు దారిలో పెట్టాలి."

"వెళ్ళకండి! మీరంటే నాకిష్టం. పెళ్ళి చేసుకుందాం." ఊపిరి కూడా తీసుకోలేదు.

"మళ్ళీ చేతులు ముందొచ్చాయి."

అతని ముఖం మాడిపోయింది. సంచీ తీసుకుని గేటు దాకా నడిచాడు. వద్దంటే వద్దనొచ్చుగా? ఆటలో కలిపి అనడమెందుకు? గేటు తీశాడు, మూశాడు, మళ్ళీ తీశాడు. వెనక్కొచ్చాడు.

"వద్దన్నారా, ఇంకా ఏమీ అనలేదా?"

"వద్దనలేదు. కానీ వెళ్ళొద్దంటే వినను. అక్కడి ఉద్యోగం కోసం ఎంతో ఎదురుచూశాను. మీరేం చేస్తారో ఆలోచించుకోండి. ఇంట్లో చెప్పండి. అప్పుడడగండి." తువ్వాలు దులిపి భుజాన వేసుకుంది. "నాకూ ఇష్టమే."

అతను సంచీ కింద పెట్టి మళ్ళీ బ్యాటు పట్టాడు. మరో బంతి వచ్చింది. కాలు ఆనింది, నడుము తిరిగింది, చేతులు ఆగాయి, బ్యాటు ఆఖర్న వచ్చింది. బంతి కంచె దాటిపోయింది. ఆమె మాత్రం బంతిని చూడలేదు, అతన్నే చూస్తోంది.

రాత్రి భోజనాల దగ్గర అతను కంచం అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు.

"ఏదో ఉంది. చెప్పు," అన్నాడు నాన్న.

"మా కోచ్‌ని పెళ్ళి చేసుకుంటాను. ఆవిడ ఉద్యోగానికి వేరే ఊరు వెళ్తోంది. నేనూ వెళ్తాను. అక్కడికి బదిలీ అడుగుతాను."

"అడుగుతావా, అడిగేసే వచ్చావా?" అంది అమ్మ.

"లేదమ్మా. ముందు మీతో చెప్పాలని ఆగాను."

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. జ్వరమేమోనని అక్క తమ్ముడి నుదురు తాకి చూసింది.

నాన్న మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "నిన్ను ఆపగలిగిన మనిషిని చూడాలిరా. రేపు భోజనానికి రమ్మను."