ఇరవై ఒక్క సెకన్ల దొంగ

పోయినవి ఇరవై ఒక్క సెకన్లు.

శుక్రవారం సాయంత్రం 6 గంటల 47 నిమిషాలకు, సాస్కటూన్ పాత ఐస్ రింక్‌లో, మూడు వేలమంది కళ్ళెదుటే పోయాయి. ఎవరూ గమనించలేదు.

ఆ రోజు లీగ్ ఐస్ హాకీ డ్రాఫ్ట్. కొత్తగా ఆటలోకి వచ్చే ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే రోజు. ఒక్కో జట్టుకు మూడు నిమిషాలు. ఆ లోపు పేరు రాసిన చీటీ లీగ్ డెస్క్ మీద పడాలి. పడకపోతే తర్వాతి జట్టు లేచి, కావలసినవాణ్ణి ఎగరేసుకుపోవచ్చు.

ఆరో వంతు బ్రాండన్ క్రేన్స్‌ది. పైనున్న పెద్ద బోర్డు మీద ఇంకా 21 సెకన్లు కనిపిస్తున్నాయి. వాళ్ళ మేనేజర్ ఐవర్ హాల్వర్సన్ చీటీ పట్టుకుని అప్పుడే లేస్తున్నాడు. డెస్క్ మీద బజర్ మోగింది. డెస్క్ కంప్యూటర్ ప్రకారం గడువు అయిపోయింది. రూల్ ప్రకారం చెల్లేది డెస్క్ టైమే.

ఏడో వంతు రెడ్‌డీర్ స్టాగ్స్‌ది. పన్నెండు సెకన్లలో చీటీ ఇచ్చేశారు. అందులో ఉన్న పేరు క్విన్ లావల్లే. ఫ్లిన్ ఫ్లాన్ ఊరి గోలీ, అంటే గోల్ కాచేవాడు. హాల్వర్సన్ చేతిలో నలిగిన చీటీలో ఉన్నదీ అదే పేరు.

శనివారం ఉదయం 7:30కి వెర్నా పాసిచ్నిక్ హోటల్లో ఒంటరిగా టిఫిన్ చేస్తుండగా ఫోన్ మోగింది. మౌంటెడ్ పోలీసులో ముప్పయ్యేళ్ళు చేసి సార్జెంట్‌గా రిటైరయ్యాక ఆమె లీగ్‌లో సెక్యూరిటీ ఆఫీసర్‌గా చేరింది. ఇప్పుడు అరవై ఒకటి. ఫోన్ మోగితే అది లీగ్ వాళ్ళే. వేరే ఎవరూ ఆమెకు ఫోన్ చేయరు.

"రెండో రౌండ్ పదకొండుకి మొదలు" అన్నాడు లీగ్ కమిషనర్. "ఆ లోపు తేల్చాలి. లేకపోతే లావల్లే రెడ్‌డీర్‌కే. టైమ్‌కీపర్ మీద కేసు పెడతాం. డబ్బు తిన్నాడో, మతి తప్పిందో, రెండింట్లో ఒకటి."

8:05. రింక్ కంట్రోల్ రూమ్. బోర్డు లాగ్ ఒక్క కాగితం మీద వచ్చింది.

6:46:06. బోర్డు మీద మిగిలింది 1:04. క్లాక్ ఆగింది. చేత్తో నొక్కిన స్టాప్.

6:46:27. క్లాక్ మళ్ళీ నడిచింది. చేత్తో నొక్కిన స్టార్ట్.

యంత్రం తప్పు లేదు. ఆ బటన్ మీద చెయ్యేసే మనిషి రింక్ మొత్తంలో ఒక్కడే.

కోర్నీ ఫ్రీసెన్ తన బెంచీ మీదే కూర్చుని ఉన్నాడు. రాత్రి ఇంటికి వెళ్ళినా నిద్రపట్టలేదట. డెబ్భై ఒక్కేళ్ళు. సన్నటి మనిషి, ఇస్త్రీ చేసిన చొక్కా. నలభై ఏళ్ళుగా ఈ రింక్ టైమ్ అంతా ఆయన చేతిలోనే నడిచింది. ఎదురుగా ఐస్ లేని ఖాళీ నేల, దాని మీద తెల్ల గుడ్డలు పరిచిన జట్ల టేబుళ్ళు.

"క్లాక్ ఎందుకు ఆపారు?"

"నేను ఆపలేదు సార్జెంట్."

"లాగ్‌లో ఉంది."

"అదే నాకూ అర్థం కావట్లేదు. తలెత్తి చూస్తే ఆగి ఉంది. ఇరుక్కుపోయిందేమో అనుకుని నొక్కాను. నడిచింది."

"ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

ఆయన ముందున్న పుస్తకాన్ని సర్దాడు. చిన్న నోట్‌బుక్. పేజీలో ఒక్కటే వరస రాసి ఉంది. 1:04, పక్కన చిన్న సున్నా, దాని పక్కన నిలువు గీత.

"ఇదేంటి?"

"అలవాటు. ఆటల్లో రాసుకుంటాను."

వెర్నా తల ఊపి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయింది. ఆ క్షణాన ఆమె ఆలోచన అంతా డబ్బు మీదే ఉంది.

"రెడ్‌డీర్ వాళ్ళు మీకేమైనా ఇచ్చారా?"

కోర్నీ ముఖంలో కోపం రాలేదు, భయం వచ్చింది. ఆ భయం డబ్బు గురించి కాదని వెర్నాకు తెలిసిపోయింది.

"సార్జెంట్, మా ఆవిడ ట్రూడీ చివరి మూడేళ్ళు నన్ను గుర్తుపట్టలేదు. మొదట స్టవ్ ఆపడం మరిచిపోయింది. తర్వాత ఆపి, ఆపలేదంది. నాదీ అలాగే మొదలైందేమో చెప్పండి. డబ్బు తిన్నానని రాసుకోండి, నాకు ఫర్వాలేదు. అది మాత్రం నిజమో కాదో తేల్చండి."

ముప్పయ్యేళ్ళ సర్వీసులో, దొంగతనం చేశానని రాసుకోమన్నవాణ్ణి ఆమె ఎన్నడూ చూడలేదు.

8:40. హాల్వర్సన్ లాబీలో ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం ఖంగుమంటోంది.

"ఆ ముసలాడు అమ్ముడుపోయాడు. ఇంకేం కావాలి మీకు?"

"మీరు ఆఖరి నిమిషం దాకా ఎందుకు కూర్చున్నారు?"

"నేనెప్పుడూ అంతే. ఆఖరి ఇరవై సెకన్ల దాకా లేవను. ఎవరైనా మంచి బేరం తెస్తారేమోనని ఫోన్ చెవికి పెట్టుకునే ఉంటాను. పదహారేళ్ళుగా నాదిదే పద్ధతి. లీగ్‌లో అందరికీ తెలుసు, వెక్కిరిస్తారు కూడా."

"టైమ్ ఎక్కడ చూస్తారు?"

"అందరూ చూసేచోటే. బోర్డు మీద."

వెర్నా ఆ మాట నోట్ చేసుకుంది. హాల్వర్సన్ పద్ధతి అందరికీ తెలుసు.

లాబీ గోడకు ఒక అద్దాల బీరువా. రింక్‌లో పేరు తెచ్చుకున్నవాళ్ళ గుర్తులు. పాత జెర్సీలు, విరిగిన స్టిక్కులు. మధ్య అరలో నల్లచారల చొక్కా, పక్కన ఒక ఫొటో, ఒక ఇత్తడి విజిల్. రెండు వేళ్ళకు ఉంగరంలా తొడుక్కునే రకం, ఐస్ మీద అంపైర్లు వాడేది. ఫొటో కింద పేరు: గార్త్ బుషార్, లైన్స్‌మన్, పంతొమ్మిదేళ్ళు.

"ఆ ఫొటోలో నాకు జుట్టుంది చూశారా?"

వెనక నిలబడ్డవాడు నవ్వుతున్నాడు. పెద్ద భుజాలు, బట్టతల, రెండు చేతుల్లో రెండు కాఫీ కప్పులు. గార్త్ బుషార్ ఇప్పుడు రెడ్‌డీర్ జట్టుకు చీఫ్ స్కౌట్. ఊరూరా తిరిగి ఆటగాళ్ళను వెతికే పని.

"ఒకటి కోర్నీకి" అన్నాడు. "రాత్రి నుంచి ఏమీ తిన్నట్టు లేడు. మేడమ్, వాడు నాకు స్నేహితుడు. నేను ఊళ్ళో ఉన్న ప్రతి మంగళవారం పొద్దున్నే ఇద్దరం కలిసి టిఫిన్ తింటాం. డబ్బు తినే మనిషి కాదు."

"మరి ఏం జరిగింది?"

గార్త్ గొంతు తగ్గించాడు. "చెప్పడానికి మనసొప్పట్లేదు. ట్రూడీ పోయాక వాడికి మతిమరుపు ఎక్కువైంది. పోయిన వారం తాళాలు మరిచాడు. కఠినంగా ఉండకండి. ఒంటరి మనిషి."

ఇంత ఆప్యాయంగా మాట్లాడేవాళ్ళు తన గురించి ఎవరున్నారని వెర్నా ఒక్క క్షణం అనుకుంది. కొంచెం అసూయ కూడా కలిగింది.

కాఫీలు పట్టుకుని అతను వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ బీరువా వైపు తిరిగింది. దానికి తాళం లేదు, చిన్న గొళ్ళెం అంతే. చొక్కా మీద దుమ్ము. ఫొటో మీద దుమ్ము. విజిల్ మాత్రం తళతళలాడుతోంది.

9:15. టీవీ వాళ్ళ వ్యాన్. బ్రాండన్ వంతు మూడు నిమిషాల రికార్డింగ్‌ను వెర్నా ఐదుసార్లు వేయించుకుంది. జనం గోల, బూరలు, విజిళ్ళు. విజిళ్ళు లెక్కపెట్టింది. మొత్తం ఆరు. నాలుగోది సరిగ్గా 6:46:06కి.

అప్పుడు నోట్‌బుక్‌లోని సున్నా గుర్తుకొచ్చింది. ఆమె పరుగులాంటి నడకతో బెంచీ దగ్గరకు వెళ్ళింది.

"కోర్నీ గారూ, ఆటలో ఈ సున్నా ఎప్పుడు పెడతారు?"

"అంపైర్ విజిల్ ఊదినప్పుడు. క్లాక్ ఆపి, టైమ్ రాసి, సున్నా పెడతాను. పక్, అదే ఆటబిళ్ళ, మళ్ళీ ఐస్ మీద పడగానే స్టార్ట్ నొక్కి, పక్కన గీత గీస్తాను."

"నిన్న డ్రాఫ్ట్. పక్ లేదు, అంపైర్ లేడు. మరి ఇది ఎప్పుడు పెట్టారు?"

ఆయన పుస్తకం వంక చూశాడు.

"నా చేతిరాతే" అన్నాడు మెల్లగా. "కానీ రాసినట్టు గుర్తులేదు."

10:20. వెర్నా పిలిచినవాళ్ళంతా వచ్చారు. కమిషనర్, హాల్వర్సన్, గార్త్ బుషార్. కోర్నీని తన బెంచీ మీదే కూర్చోమంది.

"క్లాక్ మూడు నిమిషాలకు పెట్టి నడపండి. నేను మాట్లాడుతుంటాను, వింటూ ఉండండి చాలు."

బోర్డు మీద అంకెలు తగ్గడం మొదలైంది. ఆమె టేబుళ్ళ మధ్య అటూ ఇటూ నడుస్తూ మాట్లాడింది.

"ఇక్కడ రెండు ప్రశ్నలు. డబ్బు తిని క్లాక్ ఆపినవాడు, ఏ సెకను దగ్గర ఆపాడో తన పుస్తకంలో తనే రాసిపెట్టుకుంటాడా? ఏ దొంగా అంత మర్యాదస్తుడు కాడు. ఇక మతి తప్పినవాడు అంత కచ్చితంగా 1:04 అని రాయగలడా? లాగ్‌తో సెకను కూడా తేడా లేదు. ఆ చెయ్యి తన పని తాను తప్పు లేకుండా చేసింది. ఆట జరుగుతోందనుకుంది."

ఆమె కోటు జేబులోంచి ప్లాస్టిక్ విజిల్ తీసి గట్టిగా ఊదింది. హాల్వర్సన్ ఉలిక్కిపడ్డాడు. క్లాక్ నడుస్తూనే ఉంది.

"చూశారా, ఏమీ కాలేదు" అన్నాడు గార్త్. "నిన్న జనం రాత్రిదాకా ఊదుతూనే ఉన్నారు మేడమ్. వాడు ఒక్కసారీ ఆపలేదు."

"అవును. ఒక్కసారే ఆపారు" అంది వెర్నా.

రెండో విజిల్ ఊదింది. పిల్లల బొమ్మ విజిల్. క్లాక్ నడుస్తూనే ఉంది. 1:50. 1:49.

"ఇంతకీ కోర్నీ గారూ, ట్రూడీ గారు సాస్కటూన్ బెర్రీ పళ్ళ 'పై' రొట్టె బాగా చేసేవారట కదా?"

"చేసేది" అన్నాడు ఆయన, ముఖం కాస్త విప్పారి. "రొట్టె అంచు మాత్రం ఎప్పుడూ మాడ్చేది. నేను..."

వెర్నా చెయ్యి పైకెత్తింది. రెండు వేళ్ళ మీద ఇత్తడి మెరిసింది. లోపల చెక్క ఉండ గిర్రున తిరిగి, పొట్టిగా, వణుకుతూ ఒక కూత వచ్చింది.

"...నేను ఆ అంచే ముందు తినేవాణ్ణి. అలా తింటే ట్రూడీకి ఇష్టమని..."

ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. కుడి చేతిలోని పెన్సిల్ టైమ్ రాసి, సున్నా పెట్టింది.

అందరూ తలలెత్తారు. బోర్డు 1:32 దగ్గర నిలబడిపోయింది. కోర్నీ అది గమనించలేదు. ఎడమ బొటనవేలు బటన్ మీదే ఉంది. కళ్ళు ఖాళీ నేల మధ్యకు వెళ్ళి, అక్కడ పక్ పడటం కోసం ఎదురుచూస్తున్నాయి.

"కోర్నీ గారూ, బోర్డు చూడండి" అంది వెర్నా.

ఆయన చూశాడు. తర్వాత తన బొటనవేలిని చూసుకున్నాడు. తర్వాత ఆమె వేళ్ళ మీది విజిల్ చూశాడు. అది ఎవరిదో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"పంతొమ్మిదేళ్ళు ఆ కూతకే ఈ వేలు కదిలింది" అంది వెర్నా. "జనం ఊదే విజిళ్ళు ఆ చెవికి పట్టవు. ఈ ఒక్కటే పడుతుంది. ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకరు, తెలుసని కూడా తెలియని కోర్నీ. రెండోవారు, నిన్న 6:46:06కి ఈ బెంచీకి పది అడుగుల దూరంలో, పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నట్టు కనిపించారు. వీడియోలో ఉంది. లాబీలో దుమ్ము పట్టని వస్తువు కూడా ఒక్కటే ఉంది. తుడవకుండా వదిలేస్తే మీకు మేలయ్యేది, బుషార్."

గార్త్ బుకాయిస్తాడని ఆమె అనుకుంది. బుకాయించలేదు. పక్కన ఉన్న కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ గోలీని చూడడానికి ఫ్లిన్ ఫ్లాన్‌కి రెండు శీతాకాలాల్లో పదకొండుసార్లు వెళ్ళాను" అన్నాడు. "మంచులో, ట్రక్కులో, ఒక్కణ్ణే. బ్రాండన్ వాళ్ళు వచ్చింది రెండుసార్లు. రెండే! వాణ్ణి కనిపెట్టింది నేను. ఇరవై ఏళ్ళు ఊరూరా తిరిగాను, భార్య పోయింది, ఇల్లు పోయింది. వీడు నావాడు అని చెప్పుకోవడానికి ఒక్కడు కావాలి కదా."

"అందుకు నన్ను పిచ్చివాణ్ణి చేశావా?" అన్నాడు కోర్నీ.

"నీ ఉద్యోగం పోతుందనుకోలేదు కోర్నీ. యంత్రం చెడిందనుకుంటారనుకున్నా..."

"ఉద్యోగం సంగతి కాదు నేనంటున్నది." ఆయన గొంతు పెరగలేదు. "పొద్దున కాఫీ తెచ్చి, తాళాల సంగతి గుర్తుచేశావు. డాక్టరుకు చూపించుకోమన్నావు. ట్రూడీ ఎలా పోయిందో చూసినవాడివి నువ్వు. ఆస్పత్రిలో నా పక్కన కూర్చున్నవాడివి నువ్వు. అన్నీ తెలిసి, నా కళ్ళల్లోకి చూసి చెప్పావు, గార్త్."

గార్త్ తల వంచుకున్నాడు.

10:48. కమిషనర్ తీర్పు చెప్పాడు. లావల్లే బ్రాండన్‌కు. రెడ్‌డీర్ రెండో రౌండ్ వంతు రద్దు. బుషార్ రింక్ వదిలి వెళ్ళాలి. హాల్వర్సన్ బెంచీ దగ్గరకు వచ్చి, ఏదో అనబోయి, ముసలాయన భుజం మీద చెయ్యేసి వెళ్ళిపోయాడు.

వెర్నా విజిల్‌ను కవర్లో పెట్టి సీల్ చేసింది.

"మీ బుర్రకేమీ కాలేదు" అంది కోర్నీతో. "తేల్చమన్నారుగా. తేలింది."

"థాంక్స్ సార్జెంట్." ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. "చిత్రం చూడండి. రాత్రంతా అదొక్కటే కోరుకున్నాను. ఇప్పుడు అనిపిస్తోంది, మతే పోయి ఉంటే మంగళవారాలు మిగిలేవని."

అలాంటి మంగళవారం తనకు ఎన్నడూ లేదన్న మాట వెర్నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

11:00. జనం వచ్చి కూర్చున్నారు. రెండో రౌండ్ మొదలైంది. క్లాక్ మీద కోర్నీ ఫ్రీసెనే ఉన్నాడు. మూడు నిమిషాలు, సెకను తప్పకుండా నడుస్తున్నాయి.

దూరంగా, లాబీ తలుపు దగ్గర గార్త్ బుషార్ పెట్టె పట్టుకుని ఒక్కసారి వెనక్కి తిరిగి బెంచీ వైపు చూశాడు. కోర్నీ కూడా చూశాడు. తలుపు మూసుకుంది.

ముసలాయన నోట్‌బుక్ దగ్గరకు లాక్కుని టైమ్ రాశాడు. 11:02. పక్కన చిన్న సున్నా పెట్టాడు.

వెర్నా పక్కనే నిలబడి చాలాసేపు చూసింది. ఆ సున్నా పక్కన ఆయన గీత గీయలేదు.